బర్మా తెలుగు కాందిశీకులు

రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సేనలు బర్మాపై (నేటి మయన్మార్) దండెత్తినపుడు, 1941 డిసెంబరు నుండి 1942 వర్షాకాలం ముగిసేవరకు ఆ దేశాన్ని విడిచి స్వదేశానికి తరలివచ్చిన తెలుగువారిని బర్మా తెలుగు కాందిశీకులు అంటారు. ఆ కాలంలో బర్మా నుండి భారతదేశం చేరినవారు అన్ని భాషలవారు కలిసి నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. వీరిలో కొద్దిమంది ఓడలలోను, అధికభాగం కొండలు, అడవుల గుండా కాలినడకన వచ్చారు. దారిలో ఆకలికి, కలరాకు, మలేరియాకు బలైనవారు పదివేల నుండి యాభైవేల వరకు ఉండవచ్చునని చరిత్రకారుల అంచనా. 1964 తరువాత బర్మా నుండి తిరిగివచ్చిన రెండవ విడత వారిని కూడా ఇదే పేరుతో పిలుస్తారు.

యుద్ధంలోను, విపత్తులోను చిక్కుకున్న సామాన్య ప్రజలను కాపాడవలసిన బాధ్యత ఎవరిది అనే ప్రశ్నకు తెలుగువారి చరిత్రలో అతి దగ్గరి ఉదాహరణ ఈ వలస. ఆనాడు ఈ కూలీలకు ప్రభుత్వాలు లేకపోలేదు. రెండు ప్రభుత్వాలు ఉన్నాయి. అయితే ఆ రెండింటిలో దేనికీ వీరిని కాపాడవలసిన చట్టబద్ధమైన బాధ్యత స్పష్టంగా లేదు. తరువాతి కాలంలో ఏర్పడిన జెనీవా ఒప్పందాలు, ఐక్యరాజ్య సమితి అంగీకరించిన "రక్షణ బాధ్యత" సూత్రం ఈ లోటును ఎంతవరకు పూరించాయో కూడా ఈ వ్యాసంలో వివరింపబడినది.

పేర్లు, పదాలు

కాందిశీకుడు అనేది సంస్కృత పదం. "కాం దిశం", అనగా "ఏ దిక్కుకు పోవుదును?" అనే మాట నుండి ఇది పుట్టినదని వ్యుత్పత్తి చెబుతారు. భయంతో దిక్కుతోచక పారిపోయేవాడు అని దీని అర్థం. తెలుగులో ఈ పదం బర్మా నుండి వచ్చినవారి విషయంలోనే ఎక్కువ ప్రచారం పొందినది.

బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచేవారు. గోదావరి ముఖద్వారం వద్ద యానాం, కాకినాడల నడుమ ఉన్న కోరంగి ఓడరేవు నుండి ఈ పేరు వచ్చినది. కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, సముద్ర వ్యాపారానికి ప్రసిద్ధి గాంచినది. 1839 నవంబరులో వచ్చిన పెను తుపాను, ఉప్పెన ఈ పట్టణాన్ని ధ్వంసం చేశాయి. రేవు క్షీణించి వ్యాపారం కాకినాడకు తరలిపోయినా, బర్మాలో తెలుగువారికి ఆ పేరు నిలిచిపోయినది. క్రమంగా అది చులకన చేసే మాటగా మారినది. కోరంగి 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజన తరువాత కాకినాడ జిల్లా తాళ్ళరేవు మండలంలో ఉన్నది.

తెలుగు పల్లెలలో రంగూనును "రంగం" అనేవారు. "రంగం వెళ్ళడం" అంటే కూలికోసం బర్మా వెళ్ళడం అని అర్థం.

వలసకు నేపథ్యం

బర్మాకు వెళ్ళిన తెలుగువారిలో ఎక్కువమంది నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాలవారు. గోదావరి జిల్లాల నుండి కూడా గణనీయంగా వెళ్ళారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపూర్ రేవుల నుండి పొగ ఓడలలో వీరు ప్రయాణించేవారు.

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1847 - 1852 మధ్య నిర్మింపబడిన తరువాత గోదావరి డెల్టా ధాన్యాగారంగా మారినది. అయినా ఆ నీరు పారిన భూమి కూలివారిది కాదు. ఊడ్పులు, కోతలు ఉన్న రోజులలోనే వారికి పని దొరికేది. అదే కాలంలో ఐరావతీ నది డెల్టాలో వరిసాగు విపరీతంగా పెరిగినది. కోతల తరువాత రంగూను బియ్యపు మిల్లులకు, రేవుకు వేలకొలది చేతులు కావలసివచ్చేవి. కూలి రేటు కూడా ఇక్కడికంటే ఎక్కువ. అందువలన ఒక డెల్టాలో పని ముగించుకున్నవారు మరొక డెల్టాకు వెళ్ళడం పరిపాటి అయినది. కొందరు ఒకటి రెండేళ్ళు పనిచేసి తిరిగివచ్చేవారు. కొందరు అక్కడే స్థిరపడ్డారు.

కూలీలను మేస్త్రీలు కుదిర్చేవారు. ఓడ ఛార్జీకి, ఇంటి ఖర్చుకు మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి, దానిని కూలిలో నుండి మినహాయించుకునేవాడు. అప్పు తీరేవరకు కూలివాడు ఆ మేస్త్రీ వద్దనే పనిచేయవలసివచ్చేది. ఓడలలో సరుకు ఎత్తి దించడం, మిల్లులలో బస్తాలు మోయడం, రిక్షాలు లాగడం, వీధులు ఊడ్చడం వీరి ప్రధాన వృత్తులు. 1928లో వెలువడిన బెన్నిసన్ నివేదిక, 1929 - 31 మధ్య పనిచేసిన రాయల్ లేబర్ కమీషను రంగూను కార్మికుల ఇరుకు నివాసాలను, దుర్భర జీవనాన్ని పరిశీలించాయి.

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు 10,17,825 మంది. ఇందులో తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూను నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే.

ఇక్కడ చట్టపరమైన విశేషం ఒకటి గమనించవలసి ఉన్నది. సింహళం, మలయా వంటి దేశాలకు వెళ్ళే కూలీల కొరకు 1922లో భారత వలస చట్టం చేయబడినది. ఆ దేశాలలో కూలీల బాగోగులు చూడడానికి ప్రభుత్వ ఏజెంట్లు ఉండేవారు. కాని బర్మా అప్పటికి భారత సామ్రాజ్యంలో ఒక రాష్ట్రం మాత్రమే. సముద్రం దాటి వెళ్ళినా అది విదేశం కాదు గనుక ఆ చట్టపు రక్షణ కోరంగీ కూలీలకు వర్తించలేదు.

1930, 1938 అల్లర్లు

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంపు కోరుతూ సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వారి స్థానంలో బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమై తెలుగువారిని తిరిగి తీసుకోగానే బర్మా కూలీలకు పని లేకుండా పోయినది. మే 26న ఇరుపక్షాల మధ్య మొదలైన ఘర్షణ నగరమంతా వ్యాపించినది. అధికారిక లెక్కల ప్రకారమే వందమందికి పైగా మరణించారు. వీరిలో అధికులు తెలుగువారు. వేలాదిమంది తలదాచుకోవడానికి పరుగులు తీశారు.

ఆర్థికమాంద్యం వలన ధాన్యం ధరలు పడిపోయి బర్మా రైతుల భూములు వడ్డీవ్యాపారుల పాలైనాయి. ఆ ఆగ్రహం భూములు తీసుకున్నవారిమీదనే గాక, వారి దేశం నుండి వచ్చిన కూలీల మీద కూడా చూపబడినది. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుండి వేరుచేయబడినది. 1938 జూలైలో మళ్ళీ భారతీయులపై, ముఖ్యంగా ముస్లిములపై దాడులు జరిగాయి. తరువాత జేమ్స్ బాక్స్టర్ నేతృత్వంలోని విచారణ ఆధారంగా 1941 జూలైలో రెండు ప్రభుత్వాల మధ్య వలస ఒప్పందం కుదిరినది. దీనివలన భారతీయులు బర్మాలో పరదేశీయులుగా పరిగణింపబడ్డారు. ఈ ఒప్పందం జరిగిన ఐదు నెలలకే యుద్ధం బర్మాను తాకినది.

1942 వలస

రంగూనుపై బాంబుదాడి

1941 డిసెంబరు 23న, తిరిగి 25న జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించాయి. మొదటి రోజున జనం ఆశ్రయాలలోనికి వెళ్ళక వీధులలో నిలబడి చూస్తూ ఉండడం వలన ప్రాణనష్టం ఎక్కువగా జరిగినది. మృతులు రెండు వేలకు పైగా ఉంటారని అంచనా. రేవు ప్రాంతం, దాని చుట్టుపక్కల కూలీల బస్తీలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. కొద్ది రోజులలోనే వేలాదిమంది కూలీలు నగరం విడిచి ప్రోమ్ పట్టణం వైపు నడక సాగించారు.

వారు వెళ్ళిపోవడంతో రేవులో పని ఆగిపోయినది. చైనాకు పంపవలసిన యుద్ధ సామగ్రి, బ్రిటిష్ సేనలకు వచ్చే సరుకు దించడానికి మనుషులు లేకపోయారు. ప్రభుత్వం నచ్చజెప్పి, నగర శివార్లలో శిబిరాలు కట్టి కొందరిని వెనుకకు రప్పించినది. ప్రోమ్ వద్ద దారి కొంతకాలం మూసివేయబడినది. కూలి పురుషులు ఓడ డెక్కు మీద ప్రయాణించడానికి ఆంక్షలు విధింపబడ్డాయి. పై తరగతి టిక్కెట్టు కొనగలిగినవారికి ఈ ఇబ్బంది లేదు. 1942 మార్చి 8న రంగూను జపాను వశమయ్యేసరికి ఓడలలో బయటపడినవారు సుమారు డెబ్బైవేల మంది. మిగిలినవారికి నడక తప్ప వేరే దారి లేకపోయినది.

మార్గాలు

కాలినడకన వచ్చినవారు ముఖ్యంగా మూడు మార్గాలను అనుసరించారు.

అరకాన్ మార్గం: ప్రోమ్ నుండి ఐరావతిని దాటి, టౌంగప్ కనుమ గుండా అరకాన్ తీరం చేరి, అక్కడి నుండి పడవలలో అక్యాబుకు, తరువాత చిట్టగాంగుకు చేరేవారు. తెలుగు కూలీలలో చాలామంది ఈ దారిన వచ్చారు. ప్రోమ్ లోను, కనుమదారిలోను కలరా ప్రబలినది. నీరు దొరకక ఎందరో మరణించారు.

మణిపురం మార్గం: మాండలే నుండి చింద్విన్ నదీ లోయ గుండా కాలేవా, తము మీదుగా ఇంఫాలు, దిమాపూర్ చేరేవారు. 1942 ఏప్రిల్ 3న మాండలేపై బాంబులు పడిన తరువాత ఈ దారిలో రద్దీ మరింత పెరిగినది.

హుకాంగ్ లోయ మార్గం: ఉత్తరాన ఉన్న మిచ్చీనా పరిసరాల నుండి పాంగ్సౌ కనుమ మీదుగా అస్సాములోని లేడో చేరేవారు. మే నెలలో వర్షాలు మొదలైన తరువాత బయలుదేరినవారు బురదలో, పొంగే ఏరుల మధ్య చిక్కుకుపోయారు. అన్నిటికంటె ఎక్కువ కష్టాలు పడినది ఈ దారిన వచ్చినవారే.

అస్సాము తేయాకు తోటల యజమానుల సంఘం తమ కూలీలతో దారులు వేయించి, శిబిరాలు నిర్మించి, బియ్యం, తేనీరు అందించినది. స్వచ్ఛంద సంస్థలు, రైల్వే ఉద్యోగులు కలకత్తా నుండి దక్షిణాదికి వచ్చే రైళ్ళలో వీరిని స్వస్థలాలకు పంపడానికి తోడ్పడ్డారు.

తెల్లదారి, నల్లదారి

మణిపురం మార్గంలో తము దాటిన తరువాత రెండు దారులు ఉండేవి. దగ్గరి దారి, మెరుగైన వసతులు ఉన్న దారి యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు కేటాయింపబడినదని, భారతీయులను కష్టమైన దారిన పంపుతున్నారని ఆరోపణలు వచ్చాయి. వీటికి జనవ్యవహారంలో తెల్లదారి, నల్లదారి అని పేర్లు పడ్డాయి. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ప్రవాస భారతీయుల వ్యవహారాలు చూసే ఎం.ఎస్. అణే, హృదయనాథ్ కుంజ్రూతో కలిసి 1942 ఏప్రిలులో ఆ ప్రాంతానికి వెళ్ళి, వివక్ష ఉన్నమాట నిజమేనని ప్రకటించారు. బర్మా ప్రభుత్వాధికారులు మాత్రం ఆహారం, నీరు అందించే సౌకర్యాన్నిబట్టి దారులు విభజించామని వాదించారు.

కోస్తా తీరంలో

కాందిశీకులు ఇంకా దారిలో ఉండగానే వారి స్వస్థలాలకు కూడా యుద్ధం వచ్చినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. అదే సమయంలో బంగాళాఖాతంలో అనేక వర్తక నౌకలు ముంచివేయబడ్డాయి. దండయాత్ర భయంతో విశాఖపట్నం, మద్రాసు వంటి తీరపట్టణాల జనం లోపలి ఊళ్ళకు తరలిపోయారు. బర్మా బియ్యం దిగుమతి పూర్తిగా ఆగిపోవడం వలన దేశమంతటా ధాన్యం కొరత ఏర్పడినది.

1964 తిరుగువలస

యుద్ధం ముగిసిన తరువాత కొందరు తిరిగి బర్మా వెళ్ళారు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైనది. పౌరసత్వం కోరే హక్కు ఉన్నా, దరఖాస్తుల తతంగం తెలియక, కాగితాలు లేక అనేకమంది కూలీలు ఏ దేశపు పౌరులుగానూ నమోదు కాలేదు. 1962 మార్చి 2న జనరల్ నె విన్ సైనిక ప్రభుత్వం ఏర్పడినది. 1963 - 64లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేయబడ్డాయి. 1964 మేలో పెద్ద నోట్లు రద్దయ్యాయి. పొదుపు చేసుకున్న సొమ్ము చెల్లని కాగితం కావడంతో లక్షలమంది భారతీయులు దేశం విడిచారు. వెంట తెచ్చుకోవడానికి అనుమతించిన నగదు, నగలు చాలా స్వల్పం.

భారత ప్రభుత్వం ఓడలు ఏర్పాటు చేసి వీరిని మద్రాసు, విశాఖపట్నం రేవులకు చేర్చినది. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆనాటి పునరావాసానికి గుర్తు. బర్మా, శ్రీలంకల నుండి తిరిగివచ్చినవారి సహాయార్థం 1969లో మద్రాసు కేంద్రంగా రెప్కో బ్యాంకు స్థాపింపబడినది. 1942 నాటి వలసతో పోలిస్తే ఈసారి ప్రాణనష్టం లేదు. వచ్చేవారిని తమవారుగా అంగీకరించిన ప్రభుత్వం ఒకటి ఉండడమే ఇందుకు ముఖ్య కారణం.

1942లో చట్టపరమైన స్థితి

1942 నాటికి యుద్ధంలో సైనికేతరుల రక్షణకు ప్రత్యేకమైన అంతర్జాతీయ ఒప్పందం లేదు. 1907 హేగ్ నిబంధనలు ఆక్రమిత ప్రాంతాల ప్రజల విషయమై కొన్ని నియమాలు మాత్రం చెప్పాయి. 1934లో టోక్యోలో జరిగిన అంతర్జాతీయ రెడ్ క్రాస్ మహాసభ శత్రుదేశపు పౌరుల రక్షణకు ఒక ముసాయిదాను ఆమోదించినది. దానిని ఒప్పందంగా మార్చవలసిన రాయబారుల సమావేశం యుద్ధం మొదలవడంతో జరగలేదు. టోక్యోలో తయారైన ఆ ముసాయిదా అమలులోనికి రాకముందే టోక్యో నుండి బయలుదేరిన యుద్ధం రంగూను చేరినది.

ఆ ముసాయిదా అమలులో ఉన్నా కోరంగీ కూలీకి రంగూనులో రక్షణ లభించేది కాదు. ఎందుచేతననగా అది శత్రుదేశపు పౌరులను ఉద్దేశించినది. కూలీ బ్రిటిష్ చక్రవర్తి ప్రజ, అతనిని రేవులో ఆపిన ప్రభుత్వమూ బ్రిటిష్ ప్రభుత్వమే. 1937కు ముందు బర్మా విదేశం కాదు గనుక వలస చట్టం వర్తించలేదు. 1941 తరువాత అతడు బర్మాకు స్వదేశీయుడు కాదు. ఒకే మనిషి రక్షణ అడిగినపుడు స్వదేశీయుడుగా, హక్కు అడిగినపుడు పరదేశీయుడుగా లెక్కింపబడ్డాడు. యుద్ధకాలంలో అతని ప్రాణం కంటె అతని శ్రమ ముఖ్యమని ప్రభుత్వం భావించినపుడు, అది తప్పు అని చెప్పగల చట్టం లేదు.

తరువాతి అంతర్జాతీయ చట్టం

నాలుగవ జెనీవా ఒప్పందం (1949): 1949 ఆగస్టు 12న కుదిరిన ఈ ఒప్పందం పూర్తిగా సైనికేతరుల రక్షణకు సంబంధించినది. 35వ అధికరణం ప్రకారం పోరాడుతున్న దేశంలో ఉన్న విదేశీయులకు ఆ దేశం విడిచివెళ్ళే హక్కు ఉన్నది. దేశ ప్రయోజనాలకు భంగం కలిగితే తప్ప దీనిని నిరాకరించరాదు. 38వ అధికరణం ప్రకారం ప్రమాద ప్రాంతం నుండి తరలిపోవడానికి స్వదేశీయులకు ఎంత వీలున్నదో విదేశీయులకూ అంతే వీలుండాలి. అయితే 4వ అధికరణం స్వదేశపు పౌరులను, సాధారణంగా మిత్రదేశాల పౌరులను ఈ రక్షణ నుండి మినహాయించినది. అందుచేత 1942 నాటి పరిస్థితి మళ్ళీ వస్తే ఈ అధికరణాలు కోరంగీ కూలీకి అక్కరకు రాకపోవచ్చును. 13వ అధికరణం మాత్రం ఒప్పందంలోని రెండవ భాగం జాతి, మత, జాతీయతా భేదం లేకుండా మొత్తం ప్రజలకు వర్తిస్తుందని చెప్పినది. భారతదేశం ఈ ఒప్పందాలను 1950లో ధ్రువీకరించి, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసినది.

అదనపు ప్రోటోకాళ్ళు (1977): మొదటి ప్రోటోకాలులోని 58వ అధికరణం ప్రకారం పోరాడే పక్షం తన అధీనంలోని ప్రజలను సైనిక లక్ష్యాల సమీపం నుండి వీలైనంతవరకు తరలించాలి. బాంబులు పడుతున్న రేవుకు కూలీలను వెనుకకు రప్పించడం వంటి చర్యలను ప్రశ్నించడానికి ఈ నియమం ఆధారమవుతుంది. ఈ ప్రోటోకాళ్ళలో భారతదేశం చేరలేదు.

శరణార్థుల ఒప్పందం (1951): హింసకు భయపడి దేశం విడిచినవారిని తిరిగి ప్రమాదంలోనికి పంపరాదని ఇది చెబుతుంది. భారతదేశం ఇందులోనూ, 1967 ప్రోటోకాలులోనూ చేరలేదు. అయితే 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కు పౌరులకే గాక దేశంలో ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని, వారి ప్రాణాలు కాపాడడం రాష్ట్రం విధి అని తీర్పు చెప్పినది.

రక్షణ బాధ్యత

1994లో రువాండాలోను, 1995లో బోస్నియాలోని స్రెబ్రెనికాలోను జరిగిన నరమేధాలను ఐక్యరాజ్య సమితి ఆపలేకపోయినది. దరిమిలా కెనడా ప్రభుత్వం ఏర్పాటు చేసిన అంతర్జాతీయ సంఘం 2001లో "రక్షణ బాధ్యత" అనే భావనను ప్రతిపాదించినది. 2005 సెప్టెంబరులో జరిగిన ప్రపంచ శిఖరాగ్ర సమావేశపు తీర్మానంలో 138, 139 పేరాలలో సభ్యదేశాలన్నీ దీనిని అంగీకరించాయి. 2006లో భద్రతా మండలి 1674వ తీర్మానంలో దీనిని ధ్రువపరచినది.

2009లో ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ నివేదిక ఈ సూత్రాన్ని మూడు స్తంభాలుగా వివరించినది.

1. జాతి హననం, యుద్ధ నేరాలు, జాతి ప్రక్షాళన, మానవాళిపై నేరాల నుండి ప్రజలను కాపాడడం ప్రతి ప్రభుత్వపు ప్రథమ బాధ్యత.
2. ఆ బాధ్యత నెరవేర్చడంలో ప్రభుత్వాలకు అంతర్జాతీయ సమాజం తోడ్పడాలి.
3. ఒక ప్రభుత్వం స్పష్టంగా విఫలమైనపుడు శాంతియుత మార్గాలతో, అవి చాలకపోతే భద్రతా మండలి అనుమతితో సామూహిక చర్యతో ప్రజలను రక్షించాలి.

ఈ తీర్మానంలో కాపాడవలసినవారిని "పౌరులు" అని గాక "ప్రజలు" అని పేర్కొనడం గమనార్హం. పౌరసత్వపు కాగితం ఉన్నవారు, లేనివారు అనే భేదం ఇక్కడ లేదు. ఒక ప్రభుత్వ అధీనంలోని భూమిపై ఉన్న ప్రతివారూ దాని రక్షణకు అర్హులే. రంగూను రేవులో కోరంగీ కూలీకి లేకుండా పోయినది సరిగ్గా ఈ గుర్తింపే. అయితే ఈ సూత్రం నాలుగు నేరాలకు మాత్రమే పరిమితమైనది. యుద్ధ సమయంలో తరలింపులో చూపే నిర్లక్ష్యం, ప్రకృతి వైపరీత్యం దీని పరిధిలోనికి రావు. ఇది ఒప్పందం కాదు, రాజకీయ అంగీకారం మాత్రమే.

మయన్మార్ లో ఈ సూత్రానికి పరీక్ష

ఒకనాడు తెలుగు కూలీలు పనిచేసిన ఐరావతీ డెల్టాను 2008 మే 2, 3 తేదీలలో నర్గీస్ తుపాను తాకినది. సుమారు 1,38,000 మంది మరణించారు లేదా గల్లంతయ్యారు. సైనిక ప్రభుత్వం మొదటి వారాలలో విదేశీ సహాయక సిబ్బందిని అనుమతించలేదు. రక్షణ బాధ్యత సూత్రం కింద బలవంతంగానైనా సహాయం చేరవేయాలని ఫ్రాన్సు విదేశాంగ మంత్రి బెర్నార్డ్ కూష్నేర్ ప్రతిపాదించగా, ప్రకృతి వైపరీత్యానికి ఆ సూత్రం వర్తించదని పలు దేశాలు వ్యతిరేకించాయి. చివరకు బాన్ కీ మూన్ సంప్రదింపుల తరువాత, ఆసియాన్ దేశాల మధ్యవర్తిత్వంతో సహాయం లోపలికి చేరినది. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. బంగాళాఖాతానికి ఇరువైపుల ఉన్న ఈ రెండు డెల్టాలకు గాలి, ఉప్పెన ఒక్కటే. ప్రాణనష్టంలో తేడాకు తుపాను తీవ్రతతో పాటు ముందస్తు హెచ్చరిక, తరలింపు, సహాయం ఎంత త్వరగా అందాయనేది కూడా కారణం అవుతుంది.

2017 ఆగస్టు 25 తరువాత సైనిక చర్య ఫలితంగా ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు రఖైన్ (పూర్వపు అరకాన్) రాష్ట్రం నుండి బంగ్లాదేశుకు పారిపోయారు. 1982 పౌరసత్వ చట్టం వలన వీరిలో అత్యధికులు పౌరసత్వం లేనివారు. గాంబియా వేసిన కేసులో 2020 జనవరి 23న అంతర్జాతీయ న్యాయస్థానం, వారిని జాతి హననం నుండి కాపాడే చర్యలు తీసుకోవాలని మయన్మార్ ను ఆదేశించినది. రోహింగ్యాలలో కొందరు హైదరాబాదులోని బాలాపూర్ పరిసరాలకు కూడా చేరారు. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, చట్టబద్ధమైన విధానం పాటించి రోహింగ్యాలను తిప్పి పంపవచ్చునని మధ్యంతర ఉత్తర్వులో పేర్కొన్నది. సమానత్వం, జీవించే హక్కు అందరికీ ఉన్నా, దేశంలో నివసించే హక్కు పౌరులకే ఉన్నదని ఆ ఉత్తర్వు సారాంశం.

విదేశాలలోని స్వదేశీయుల తరలింపు

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ ను ఆక్రమించినపుడు అక్కడ పెద్దసంఖ్యలో భారతీయులు చిక్కుకున్నారు. వారిలో గల్ఫు దేశాలలో ఇంటిపనులకు, ఇతర కూలిపనులకు వెళ్ళిన గోదావరి జిల్లాలవారూ ఉన్నారు. భారత ప్రభుత్వం వారిని జోర్డాను రాజధాని అమ్మాను చేర్చి, రెండు నెలలలో ఎయిరిండియా విమానాల ద్వారా లక్షమందికి పైగా స్వదేశానికి తీసుకువచ్చినది. 2022లో ఉక్రెయిను నుండి "ఆపరేషన్ గంగ", 2023లో సూడాను నుండి "ఆపరేషన్ కావేరి" పేర్లతో ఇటువంటి తరలింపులు జరిగాయి.

అంతర్జాతీయ చట్టంలో ఒక దేశం తన పౌరులను విదేశాల నుండి తప్పక తీసుకురావాలనే నిర్బంధం లేదు. అది ఆ దేశపు హక్కు, నైతిక విధి. యజమాని వద్ద పాస్‌పోర్టు ఉంచి పనిచేసే ఇంటిపనివారు, నమోదు లేకుండా వెళ్ళినవారు ఆపత్కాలంలో ప్రభుత్వ లెక్కలలో కనబడరు. అప్పు తీరేవరకు మేస్త్రీ చేతిలో ఉన్న కోరంగీ కూలీకి, వీరికి ఈ విషయంలో పోలిక ఉన్నది.

విమర్శలు

రక్షణ బాధ్యత పేరుతో బలమైన దేశాలు బలహీన దేశాలలో జోక్యం చేసుకుంటాయని విమర్శ ఉన్నది. 2011 మార్చి 17న లిబియాపై భద్రతా మండలి 1973వ తీర్మానం ఆమోదించినపుడు భారతదేశం ఓటింగుకు దూరంగా ఉన్నది. ప్రజల రక్షణకని మొదలైన ఆ చర్య గడాఫీ ప్రభుత్వ పతనంతో ముగియడం వలన ఈ సూత్రంపై అనుమానాలు పెరిగాయి. మరొకవైపు సిరియా విషయంలో వీటో అధికారం వలన మండలి చర్య తీసుకోలేకపోయినది. భారతదేశం మొదటి రెండు స్తంభాలను సమర్థిస్తూ, సైనిక చర్య చివరి ఉపాయంగా మాత్రమే ఉండాలని కోరుతున్నది.

అణే, కుంజ్రూల పర్యటన మరొక విషయాన్ని తెలియజేస్తుంది. ఆనాడు వివక్ష బయటపడినది సైన్యం వలన కాదు. బాధ్యత గలవారు స్వయంగా దారి వద్దకు వెళ్ళి చూసి, చూసినది ప్రకటించడం వలన బయటపడినది. రక్షణ బాధ్యతలో సైనిక చర్యకు ముందు ఉండవలసిన మెట్టు ఇదేనని ఈ సూత్రాన్ని సమర్థించేవారు చెబుతారు.

ఇవి కూడా చూడండి

కోరంగి
కాకినాడ ఓడరేవు
ధవళేశ్వరం ఆనకట్ట
రెండవ ప్రపంచ యుద్ధం
జెనీవా ఒప్పందాలు
ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి
మయన్మార్